డేరా దించే పద్ధతి

అక్కకు,

తమ్ముడు చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ మరదలూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తానని రాయాలి. ఎప్పుడూ అలాగే రాసేవాణ్ణి. ఈసారి కలం అక్కడ ఆగింది. అందుకని అమ్మాయీ, అల్లుడూ, చిన్నదీ క్షేమమని తలుస్తాను. నువ్వెలా ఉన్నావో నువ్వే దాచకుండా రాయించావు. దాని మీద నేను కొత్తగా తలిచేది ఏమీ లేదు.

జవాబు ఆలస్యమైంది. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. కాగితాలు చాలా పాడు చేశాను. నీ మరదలు కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే, "ఉత్తరం రాస్తున్నారా, డేరా వేస్తున్నారా? ఈపాటికి రెండు డేరాలు లేచేవి" అంది. దాని నోటికి నేనెప్పుడు జవాబు చెప్పాను గనక. నువ్వు మా సర్కస్ చూడడానికి వచ్చినప్పుడు నీతో అన్నది గుర్తుందా? మీ తమ్ముడి మాట వినాలంటే టికెట్టు కొనాలి వదినా, కొన్నా ఆట ఉంటుందని నమ్మకం లేదు అని. నువ్వు నవ్వీ నవ్వీ పొలమారి దగ్గావు. ఆ నవ్వు మా ఇద్దరికీ ఇంకా గుర్తే.

ముందు నువ్వు అడిగిన చిన్నవాటికి చెబుతాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి, మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఉన్నామని గుర్తు చేస్తున్నాయి. కళ్లజోడు మార్చాను. ఇప్పుడు నీ మరదలి ముఖం స్పష్టంగా కనపడుతోంది, కోపం కూడా. అది కింద చొక్కాల దుకాణం వాళ్లకి గుండీలు కుట్టి ఇస్తోంది. ఈ కాలం దారంలో బలం లేదని దారాన్నీ, దారం అమ్మినవాణ్ణీ కలిపి తిడుతుంది. నిద్ర పడుతోందా అని అడిగావు. పడుతోంది. తెల్లవారకుండానే వదిలిపోతోంది.

ప్రార్థనకి వెళ్తున్నావా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. వెళ్తున్నాను. వెనక బెంచీ, తలుపు పక్కన. అక్కడైతే ఎవరూ లేపి ప్రార్థన చేయమనరు అనుకున్నాను. మొన్న చేయమన్నారు. లేచాను. హాలంతా కళ్లు మూసుకుని నా కోసం కాచుకుంది. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు నిలబడి "ఆమెన్" అని కూర్చున్నాను. బయటికి వచ్చాక నీ మరదలు, ఇంత చిన్న ప్రార్థన ఆయన కూడా విని ఉండడు అంది. ఒక ముసలాయన మాత్రం చేయి పట్టుకుని, బాగా చేశావు అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలియదు.

సైకిలు ఆట ఆడే పిల్ల మణికట్టు నయమైందా అని అడిగావు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. అమ్మాయి చేతిరాత ఎప్పుడూ గీత గీసినట్టు ఉంటుంది. ఆ చోట మాత్రం అక్షరాలు కిందికి జారాయి. నువ్వు చెబుతుంటే అది ఎలా రాసిందో నాకు అర్థమైంది. ఆ ముక్క నాకు నోటికి వచ్చేసింది.

"ఒరేయ్ చిన్నోడా, పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చుని చదివారు. మన ఒళ్లు ఒక గుడారమంట. అది విప్పేశాక, చేతులతో కట్టని ఇల్లు ఒకటి ఉందంట. నాకు ఇంటి సంగతి నమ్మకమే. గుడారం సంగతే భయం. గాలివానకి మీ డేరా పడ్డప్పుడు కింద జనం ఎలా అరిచారో నువ్వు చెప్పావు. నాది కూడా అలా మీద పడుతుందా, లేకపోతే నువ్వు దించినట్టు దిగుతుందా? పాస్టరుగారిని అడిగితే మంచిమాట చెబుతారు. నువ్వు నిజం చెప్పు. దిగాక దాన్ని మళ్లీ ఎక్కడ వేస్తారో కూడా చెప్పు."

అక్కా, ఆ వాక్యం నేను చాలాసార్లు విన్నాను. అది మా డేరా గురించి అని ఎప్పుడూ అనుకోలేదు. గ్రంథంలో గుడారం పెద్దవాళ్ల సంగతి, మేము మేకులు కొట్టే డేరా కూలివాళ్ల సంగతి అనుకున్నాను. నువ్వు అడిగాక రెండూ ఒకటేనేమో అనిపించింది. ఇంటి గురించి నేను చెప్పలేను. ఆ ఇల్లు నేను చూడలేదు. చూసినట్టు చెబితే నీకు తెలిసిపోతుంది. నమ్మకం విషయంలో నేను నీ వెనక నిలబడి ఆమెన్ అన్నవాణ్ణే. నాకు తెలిసింది డేరా. దాని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు గాలివాన సంగతి. నీకు అప్పుడు సగమే చెప్పాను. ఆ రోజు మధ్యాహ్నం ఆటకి జనం నిండారు. ఆకాశం ఒక పక్క నల్లబడింది. మా మేస్త్రి నీకు తెలుసు, అందరూ మోకు తాత అనేవాళ్లు, నువ్వొచ్చినప్పుడు నీకు కుర్చీ తుడిచి వేసిన ఆయన. పెద్ద మోకులన్నీ ఆయన చెప్పినట్టే కదిలేవి. ఆయన వెళ్లి, జనాన్ని పంపేసి డేరా దించేద్దాం అన్నాడు. యజమాని గుర్రాల ఆట అయిపోనీ అన్నాడు. గుర్రాల ఆట అయ్యాక, ఇంకొక్క ఆట అన్నాడు. మేము మోకులు బిగించి, మేకుల మీద మా బరువు కూడా వేసి పట్టుకున్నాం. ఎంత బిగిస్తే గాలి అంత లాగింది. డేరాని పడేసింది గాలి కాదు. దించాల్సిన వేళ దాటాక కూడా మేము పట్టుకుని ఉన్నాం. అందుకే పడింది.

ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ నేను కూడా కింద చిక్కుకున్నానని నీకు చెప్పలేదు. తడి గుడ్డ ఎంత బరువో మోసినవాడికి తెలుసు గానీ, కింద పడుకున్నవాడికి ఇంకా బాగా తెలుస్తుంది. చీకటి. ఎటు పాకినా గుడ్డే. అరిచే అలవాటు నాకు ఎప్పుడూ లేదు కదా, అప్పుడు కూడా గొంతు పెగలలేదు. అరిచినవాళ్లని ముందు లాగేశారు. నేను ఉన్నానని ఎవరికీ తెలియదు. మోకు తాత డేరా మీద మోకాళ్లతో పాకుతూ, ప్రతి చోటా అరచేత్తో తడుముతూ వచ్చాడు. నా తల మీద ఆ చెయ్యి పడింది. గుడ్డ అడ్డం ఉన్నా ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలిసింది. "ఇక్కడున్నాడు, కొయ్యండి" అన్నాడు. అంతే, వెలుతురు వచ్చింది.

ఇది నిన్ను భయపెట్టడానికి కాదు. పడినా వెతికే చెయ్యి ఒకటి ఉంటుందని నేను చూశాను కాబట్టి రాశాను.

ఇప్పుడు దించే పద్ధతి. ఆ గాలివాన తర్వాత మోకు తాత పద్ధతి మార్చేశాడు. చచ్చేదాకా దాన్ని తప్పలేదు, మమ్మల్ని తప్పనివ్వలేదు.

మొదట బెంచీలు బయటికి పోతాయి. తర్వాత పక్క తెరలు విప్పుతాం. అప్పుడు నాలుగు వైపుల నుంచీ గాలి వస్తుంది, డేరా చూడడానికి దిగులుగా ఉంటుంది, ఇంటి గోడలు తీసేసినట్టు. కొత్తవాళ్లు ఆ వేళకే, ఇక అయిపోయింది అనుకుంటారు. కాలేదు. పై గుడ్డ అలాగే ఉంటుంది. నడిమి స్తంభం దగ్గర దీపం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ముందుగా ఎప్పుడూ తీయం. అన్నిటికంటే చివర తీసేది అదే. నీకు లేవడం పోయింది, తినడం పోయింది అని రాయించావు. అవి పక్క తెరలు. అమ్మాయి రాసినదాన్ని బట్టి చూస్తే నీ దీపం నీ దగ్గరే ఉంది. మొన్న అల్లుడు కూర ఉప్పు చేశాడని మంచంలో నుంచే తిట్టావంట కదా.

ఆ తర్వాత ఒకడు డేరా లోపలికి వెళ్తాడు. ఒక్కడే. అటు నుంచి ఇటు దాకా నడుస్తూ, "లోపల ఎవరైనా ఉన్నారా" అని పిలుస్తాడు. జవాబు రాకపోయినా మళ్లీ పిలుస్తాడు, మూలలు చూస్తాడు. ఎవరూ లేరని తెలిశాక దీపం చేత్తో పట్టుకుని బయటికి వస్తాడు. వాడు బయటికి వచ్చాకే మోకు కదులుతుంది. ఎవరినైనా లోపల వదిలి డేరా దించడం అనేది లేదు. మోకు తాత పోయాక ఆ పిలిచే పని నాకు ఇచ్చారు. గొంతు లేనివాడికి ఆ పని ఏమిటని అందరూ నవ్వారు. డేరా ఖాళీగా ఉంటే చిన్న గొంతు కూడా బాగా వినపడుతుంది అక్కా.

మోకు పట్టినవాడి సంగతి కూడా చెప్పాలి. వాడు బయట, మేకు పక్కన నిలబడతాడు. మోకుని మేకుకి ఒక చుట్టు వేసి, కొంచెం కొంచెం వదులుతాడు. పైన గుడ్డ ఎంత దిగిందో వాడికి కనపడదు. చెప్పేవాడి గొంతు వింటూ వదలడమే. "ఉండు" అంటే ఉండాలి. "వదులు" అంటే వదలాలి. అరచేతులు మండుతాయి. అయినా ఒక్కసారిగా వదిలేయడు. అలా వదిలితే గుడ్డ దిగదు, పడుతుంది. మంచి చేతుల్లో డేరా దిగుతుంటే శబ్దం కూడా రాదు. లోపల ఉన్న గాలి మెల్లగా బయటికి వచ్చేస్తుంది, మనిషి పడుకునే ముందు ఊపిరి వదిలినట్టు.

నువ్వు అడిగిన మొదటి మాటకి నాకు తెలిసిన జవాబు ఇదీ. వేళ తెలిసి దించితే డేరా పడదు. దిగుతుంది.

అమ్మాయీ, ఇది నీకు. అమ్మ చెప్పింది రాసి, అంచున సన్నగా నువ్వొక మాట రాశావు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు మామయ్యా, నీ మాట వింటుంది, నువ్వు చెప్పు అని. డాక్టర్లు ఇక నొప్పి తెలియకుండా చూడడమే అన్నారనీ, మిగతాది అమ్మ ఇష్టానికి వదిలేశారనీ కూడా నువ్వే రాశావు. నేను ఆ మాట చెప్పలేనమ్మా. నువ్వు మోకు బిగించి పట్టుకున్నావు. ఎందుకు పట్టుకున్నావో నాకు తెలుసు, నేనూ పట్టుకున్నవాణ్ణే. నీ చేతులు ఎంత మండుతున్నాయో కూడా తెలుసు. చదువుతూ ఇక్కడ ఆగొద్దు. గొంతు మారినా సరే, అమ్మకి పైకి చదువు. అమ్మకి తెలియనిది ఏమీ లేదు.

అక్కా, ఇక నీ చివరి మాట మిగిలింది. దిగాక దాన్ని మళ్లీ ఎక్కడ వేస్తారు అన్నావు. నేను ఇన్ని రోజులూ కాగితాలు పాడు చేసింది ఇక్కడే. వేస్తారు అక్కా, వేరే ఊళ్లో వేస్తారు, ఇంకా బాగా వేస్తారు అని రాయడానికి ఎంతసేపు. చాలాసార్లు రాశాను కూడా. కొట్టేశాను.

మా డేరా ఇప్పుడు లేదు. పోయినేడు వానలకి ముందే దించేశాం. మళ్లీ వేయలేదు. సర్కస్ మూసేశారు.

నీకు ఆ తర్వాత రాసినవన్నీ అబద్ధాలు. కొత్త ఊళ్లో జనం బాగా వస్తున్నారన్నది అబద్ధం. డేరా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఉత్తరాలు నీ మరదలి గదికి రాయించమన్నది అబద్ధం. తిరుగుతున్నది ఏమీ లేదు. టైర్ల దుకాణం వెనక మేడ మీద ఒక గదిలో ఇద్దరం ఉంటున్నాం. నేను లారీల షెడ్డులో, సరుకు మీద కప్పే చిరిగిన పట్టాలకి మాసికలు వేస్తున్నాను. సైకిలు ఆట ఆడే పిల్ల కూడా లేదు అక్కా. నీకు ఏదో ఒకటి రాయాలి గనక కల్పించాను. ఒక ఉత్తరంలో ఏం తోచక, పడింది, మణికట్టు బెణికింది అని రాశాను. నువ్వు ఆ పిల్ల కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని రాయించావు. ఆ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. నీ మరదలు, లేని పిల్లకి ఉన్న ప్రార్థన ఖర్చు చేయించారు అని నన్ను తిట్టింది. తర్వాత అదే, ఆ ప్రార్థన ఊరికే పోదు, మణికట్టు నొప్పి ఉన్న ఎవరికో ఒకరికి తగిలి ఉంటుంది అంది.

ఎందుకు దాచానంటే చెప్పడం కష్టం. నువ్వు మా దగ్గరకి వచ్చిన రోజు ఆట అయిపోయి జనం వెళ్లాక, మధ్యలో నిలబడి పైకి చూశావు. "ఇంత పెద్ద దుప్పటి కింద ఉంటున్నావు, ఇక నిన్ను నేను కప్పక్కర్లేదురా" అన్నావు. చిన్నప్పుడు నీ దుప్పటి సగం నా మీదే ఉండేది. నీకు సగం వీపు ఎప్పుడూ బయటే. నన్ను చంకన వేసుకునే బడికి తీసుకెళ్లేదానివి. వీణ్ణి చంక దించితే గానీ అక్షరాలు రావు అని మాస్టారు అంటే, దించితే ఏడుస్తాడు అన్నావు. నేను చదువుకోవడానికి నువ్వు పలక వదిలేశావు. అలాంటిదానివి, ఇక వీడికి భయం లేదు అని ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నావు. ఆ దుప్పటి పోయిందని నీకు ఎలా రాయను? రాద్దామనుకునే లోపల నీకు ఒంట్లో బాగాలేదని తెలిసింది. ఇక అసలు రాయలేకపోయాను.

సెలవు దొరకలేదు, అందుకే రాలేకపోతున్నాను అన్నాను కదా. అది కూడా అంతే. పట్టాల షెడ్డులో ఎవరూ కాదనరు. నిన్ను ఆ మంచం మీద చూడాలంటే భయమేసింది. వచ్చి కూర్చుంటే నువ్వు డేరా సంగతి అడుగుతావని ఇంకో భయం. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ చివరి రోజు చూసింది రాస్తాను. ఇది నువ్వు నమ్మాలి. అబద్ధాలు రాసినవాడి మాట ఎలా నమ్మడం అనుకుంటే నీ మరదల్ని అడుగు, అది అక్కడే ఉంది.

ముసలి యజమాని కొడుకు పొద్దున్నే వచ్చి, ఇక వద్దు, దించేయండి అన్నాడు. బెంచీలు పోయాయి. పక్క తెరలు విప్పాం. నేను లోపలికి వెళ్లాను, పిలవాలి కదా. "లోపల ఎవరైనా ఉన్నారా" అన్నాను. ఆ రోజు ఎవరైనా పలికితే బాగుండునని అనిపించింది. ఎవరో ఒకరు పలికితే దించడం ఆపొచ్చు కదా అని. పలకలేదు. మూలలు చూశాను. చూడాల్సినదాని కంటే ఎక్కువసేపు చూశాను. బయట నుంచి నీ మరదలు, "ఏమండీ, ఇక రండి" అంది. దీపం తీసుకుని బయటికి వచ్చాను.

మోకులు వదలమన్నాను. నేను డేరాకి ఇటు పక్క ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను. ఇంత పెద్ద గుడ్డ దిగిపోతే దాని వెనక ఏముంటుంది, ఏమీ ఉండదు, ఖాళీ నేల ఉంటుంది అనుకున్నాను. అలా చాలా డేరాలు దించాను గానీ అప్పుడంతా మూటలు కట్టే తొందర. దాని వెనక ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు తొందర లేదు. చూస్తూ నిలబడ్డాను.

గుడ్డ మెల్లగా దిగింది. ముందు ఆకాశం కనపడింది. తర్వాత తలలు కనపడ్డాయి. అటు పక్కన మనవాళ్లందరూ వరసగా నిలబడి ఉన్నారు అక్కా. మా జోకరు, వంటావిడ, ఊయల మీద ఆడే అక్కాచెల్లెళ్లు, గుర్రాలవాడు, బ్యాండువాళ్లు. అందరూ ముందునుంచీ అక్కడే ఉన్నారు. నేను ఇటు పక్క ఉన్నాను. మధ్యలో డేరా అడ్డం ఉంది గనక కనపడలేదు, అంతే. ఎండ వాళ్ల ముఖాల మీద పడుతోంది. జోకరు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసి, "పెద్దాయనా, పైకప్పు ఎత్తు పెంచారు, ఇక టికెట్టు కూడా పెంచుదాం" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నీ మరదలు సాక్ష్యం.

గుడ్డ సంగతి నిజం చెప్పాలంటే, గుడ్డని ముక్కలు చేసి లారీల మీద కప్పడానికి అమ్మేశారు. చిరిగితే నా దగ్గరకే వస్తున్నాయి. చేత్తో పట్టుకుంటే ఏ పక్కదో తెలుస్తుంది. మొదట్లో బాధగా ఉండేది. ఇప్పుడు మాసిక వేసి పంపుతున్నాను. మళ్లీ వేసేది ఆ గుడ్డనే అయితే, నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ ఆ గుడ్డ మనం కాదు కదా అక్కా. మనం దాని కింద ఉన్నవాళ్లం. కింద ఉన్నవాళ్లలో ఆ రోజు ఒక్కరు కూడా తగ్గలేదు. జోకరు ఇప్పుడు ఒక బడి గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు, పిల్లలు గంట కొట్టినా లోపలికి పోవడం లేదంట.

పోయిన బావ, మన అమ్మ, మోకు తాత, వీళ్లంతా ఎక్కడికో దూరం పోయారని నేను అనుకునేవాణ్ణి. నువ్వు అడిగాక, ఆ రోజు చూసింది మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. దూరం పోలేదేమో. అటు పక్క నిలబడి ఉన్నారేమో. మధ్యలో గుడ్డ అడ్డం ఉందేమో. ఏమో అనే రాస్తున్నాను, నాకు తెలిసింది అంతవరకే. మిగతాది నీకు నాకంటే బాగా తెలుసు. నువ్వు అటు వైపు వాళ్లని ముందు చూస్తావు. నేను ఇంకొంతకాలం ఇటు పక్కే ఉంటాను.

మోకు తాత ఇంకొక మాట అనేవాడు. తడి గుడ్డని మడిచి పెట్టొద్దు, లోపల కుళ్లిపోతుంది అని. ఎండ లేకపోతే ఎండ వచ్చేదాకా ఆగేవాడు. నేను ఆ అబద్ధాలు మడిచి సంచీలో పెట్టుకుని నీ దగ్గరకి రాలేను. అందుకే ముందు ఉత్తరం రాశాను. నీకు కోపం వస్తే ఉత్తరం మీద పడు. నేను వచ్చేసరికి కొంచెం ఆరుతుంది.

ఈ ఉత్తరం వెనకాలే మేమిద్దరం బయలుదేరుతున్నాం. షెడ్డులో చెప్పేశాను. నీ మరదలు గుండీల పని తిరిగి ఇచ్చేసి, ఇప్పుడే సంచీ సర్దుతోంది. నాకు మంచం పక్కన చోటు వద్దు, అక్కడ అమ్మాయి కూర్చుంటుంది. కాళ్ల దగ్గర చాలు. రోజూ ఏదో ఒకటి మాట్లాడతానని అనుకోవద్దు. నేను వచ్చింది మాట్లాడడానికి కాదు. మోకు ఇటు కొస నేనూ, అమ్మాయీ పట్టుకుంటాం. నువ్వు గొంతు ఇవ్వు. ఉండు అంటే ఉంటాం. వదులు అంటే వదులుతాం. చేతులు మండినా ఒక్కసారిగా వదలం.

గొంతు ఇవ్వలేని వేళ వస్తే చెయ్యి నొక్కు. నాకు తెలుస్తుంది.

ఇట్లు,
చంక దిగడం ఇంకా రాని
నీ తమ్ముడు

అమ్మాయీ, ఇది చదివాక అమ్మ ఏమందో జవాబు రాయకు. వచ్చి వింటాను. ఒకవేళ మేము వచ్చేలోపు వదలమంటే, నా కోసం ఆగమని చెప్పకు. దీపం మాత్రం చివరిదాకా ఉండనీ. నేను రోడ్డు మలుపు నుంచే చూసుకుంటాను.